క్రాసింగ్ ఉంది: బండ్లు ఆగిన రోజుల్లో ఒక రైలు అభిమాని

అందరికీ నమస్కారం. లాక్‌డౌన్‌లో మీరేం చేశారు, రైళ్లే లేనప్పుడు రైళ్ల మీద ఇష్టం ఏమైంది, దాని గురించి మాట్లాడండి అని నన్ను పిలిచారు. చాలా సంతోషం. మీ వెనక గోడకి పొడుగాటి గ్రాఫ్ కాగితం ఒకటి అతికించి ఉంది, వచ్చేటప్పుడు చూసే ఉంటారు. నేను చెప్పబోయేదంతా దాని దగ్గరికే వెళ్తుంది. ముందు కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా డాబా ఎక్కితే రైలు కట్ట కనిపిస్తుంది. మధ్యలో ఖాళీ స్థలం, నాలుగు తుమ్మ చెట్లు, అంతే. డబుల్ లైను, పైన కరెంటు తీగలు. ఇరవై ఏళ్లుగా ఆ చప్పుళ్ల మధ్యే ఉన్నాం. బండి శబ్దానికి మాకు మెలకువ రాదు. అది అలవాటైపోయింది. అలాంటిది, 2020 మార్చి 22 ఆదివారం, జనతా కర్ఫ్యూ రోజు, ప్రయాణికుల రైళ్లన్నీ ఆపేస్తున్నట్టు రైల్వే ప్రకటించింది. అప్పటికే బయల్దేరిన బండ్లు మాత్రం గమ్యం చేరాయి. ఆ తర్వాతి రాత్రి రెండు గంటలప్పుడు మా నాన్న లేచి కూర్చున్నారు. ఎనభై దాటిన మనిషి. "ఒరేయ్, మెయిలు పోలేదేంట్రా?" అన్నారు. చప్పుడు లేకపోవడం వల్ల ఆయనకి మెలకువ వచ్చింది.

1853 ఏప్రిల్ 16న బోరీ బందర్ నుంచి ఠాణాకి, 34 కిలోమీటర్లు, మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. అప్పటినుంచి దేశమంతటా ప్రయాణికుల రైళ్లు ఒకేసారి ఇలా ఆగింది లేదు. 1974 మేలో ఇరవై రోజులు సాగిన రైల్వే సమ్మెలో కూడా కొన్ని బండ్లు నడిచాయి. రోజుకి 13 వేలకు పైగా నడిచే ప్రయాణికుల రైళ్లు ఆ రోజుల్లో సున్నా. నాకైతే ఇంట్లో పెద్దవాళ్లెవరికో ఒంట్లో బాగోలేనట్టు అనిపించింది. పదిరోజులు అదే టెన్షన్. మళ్లీ ఎప్పుడు, ఎలా అని.

అయితే ఆ మూడో రోజో నాలుగో రోజో మధ్యాహ్నం ఒక గూడ్స్ వచ్చింది. ప్రయాణికుల బండ్లే ఆగాయి, గూడ్స్ ఆగలేదు. ఈ సంగతి నాకు తెలుసు, పేపర్లోనూ చదివాను. అయినా కళ్లారా చూసేదాకా మనసు ఒప్పుకోలేదు. ఆ రోజు దాకా నేను గూడ్స్ బండిని సరిగ్గా చూసినవాణ్ణి కాదు, ఈ మాట ఒప్పుకోవాలి. స్టేషన్లో కెమెరా పట్టుకుని నిలబడితే గూడ్స్ అడ్డం వచ్చిందని విసుక్కున్న రోజులున్నాయి. ఫొటో తీస్తే రాజధాని తీయాలి, దురంతో తీయాలి, కొత్త రంగు వేసిన ఇంజను తీయాలి. మాలో చాలామందిది ఇదే తీరు.

ఇక నోట్‌బుక్ తీశాను. టైము, దిక్కు, ఇంజను నంబరు కనిపిస్తే నంబరు, వ్యాగన్ల రకం, లెక్క. బొగ్గు మోసే పైకప్పు లేని బాక్స్‌ఎన్, బస్తాలు మోసే మూత ఉన్న బీసీఎన్, పెట్రోలు, డీజిల్ మోసే గుండ్రటి ట్యాంకులు బీటీపీఎన్, కంటైనర్లు వేసుకునే చదునైనవి. నెల తిరిగేసరికి చప్పుడు బట్టి బరువు చెప్పగలిగాను. నిండు బాక్స్‌ఎన్ వస్తుంటే డాబా పిట్టగోడ మీద పెట్టిన చెయ్యి ముందు చెబుతుంది, చెవి తర్వాత. ఖాళీది వస్తే రేకు డబ్బాలు దొర్లినట్టు ఉంటుంది. చివర్లో గార్డు వ్యాన్. గార్డు అనే అనేవాళ్లం అప్పుడు. 2022 జనవరి నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. ఏప్రిల్ నెలంతా వెనక వ్యాన్లో నిలబడ్డ ఆ ఒక్క మనిషికి నేను డాబా మీంచి చెయ్యి ఊపేవాణ్ణి. దాదాపు అందరూ తిరిగి ఊపేవాళ్లు. వీధిలో మనిషి కనిపించని రోజులు కదా.

ఇంకో మనిషి కూడా రోజూ కనిపించేవాడు. కీమాన్. పొద్దున ఎండ ఎక్కకముందే, నారింజ రంగు జాకెట్టు, భుజం మీద సుత్తి, సంచిలో స్పానరు, ఎర్ర జెండా, పచ్చ జెండా. పట్టాన్ని స్లీపరుకి పట్టి ఉంచే క్లిప్పులు ఉంటాయి, వాటిని చూసుకుంటూ నడుస్తాడు. ఏదైనా వదులైతే ఆగి, ఒక్క దెబ్బ. టంగ్‌మని వినిపిస్తుంది. మళ్లీ నడక. ఇరవై ఏళ్లుగా ఆ మనిషి, లేదా ఆయన స్థానంలో ఇంకొకాయన, రోజూ అలా నడుస్తూనే ఉండి ఉంటాడు. బండ్ల రద్దీలో నా కన్ను ఎప్పుడూ బండి మీదే ఉంది. దేశం మొత్తం ఇంట్లో కూర్చున్నప్పుడు ఆయన ఒక్కరోజు మానలేదు. మూడో వారంలో నేను కేకేసి పలకరించాను. ఆయన మాస్కు దించి, "బాగున్నారా సార్" అని, మళ్లీ పైకి లాక్కుని వెళ్లిపోయారు. అంతే పరిచయం.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. రైళ్లు ఆగిపోయాయి అన్న మాట అప్పట్లో అందరి నోటా ఉంది. అది సగం నిజం. ఆ సగం నిజం ఎంత ప్రమాదమో 2020 మే 8న తెలిసింది. మహారాష్ట్రలో జాల్నా నుంచి ఔరంగాబాద్ వైపు నడిచి వెళ్తున్న వలస కూలీలు రాత్రి అలసిపోయి పట్టాల మీదే నిద్రపోయారు. తెల్లవారుజామున గూడ్స్ బండి వచ్చింది. 16 మంది చనిపోయారు. ఆ వార్త చదివాక నేను రెండు రోజులు డాబా ఎక్కలేదు. నా నోట్‌బుక్‌లో ఒక గీతగా, ఒక నంబరుగా ఉండే బండి అది. పట్టాలు ఎప్పుడూ ఖాళీ కావు, టైం టేబుల్లో లేని బండి ఎప్పుడైనా రావచ్చు. నాకు తెలిసిన ప్రతి పిల్లాడికీ, ఫొటోలు తీసే ప్రతి కుర్రాడికీ ఈ మాట అప్పటినుంచి చెబుతున్నాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఫొటో కోసం పట్టాల మీదకి దిగొద్దు.

అంతకు వారం ముందు, మే 1 తెల్లవారుజామున, మొదటి శ్రామిక్ స్పెషల్ మన లింగంపల్లి నుంచే బయల్దేరింది. ఝార్ఖండ్‌లోని హటియాకి. 24 పెట్టెలు, సుమారు 1,200 మంది కూలీలు. ఆ రోజు నాలాంటివాళ్లం ఫోన్లలో ఒకళ్లకొకళ్లం చెప్పుకుని ఏడ్చినంత పని చేశాం. మళ్లీ మనుషులు ఎక్కిన బండి. మే 12 నుంచి ఢిల్లీకి 15 జతల స్పెషళ్లు, జూన్ 1 నుంచి 200 రైళ్లు. అన్నిటి నంబర్లకీ ముందు సున్నా. సున్నాతో మొదలైతే స్పెషల్ అని లెక్క. ఆ సున్నా పోయి పాత నంబర్లు మళ్లీ రావడానికి 2021 నవంబరు దాకా పట్టింది. మామూలు ప్రయాణికుడికి అది టికెట్ మీద ఒక అంకె. మాకు మాత్రం ఆ అంకె ఉన్నంతకాలం బండి ఇంకా పూర్తిగా ఇంటికి రానట్టే.

ఆ కాలంలోనే జరిగిన రెండు సంగతులు నాకు బాగా పనికొచ్చాయి. ప్రయాణికుల బండ్లు లేకపోవడంతో గూడ్స్ బండ్ల సగటు వేగం దాదాపు రెట్టింపయింది. ఇంజన్లు అవే, పట్టాలు అవే. మరి వేగం ఎక్కడినుంచి వచ్చింది? దారిలో ఎవరికోసమూ ఆగక్కర్లేదు, అదే కారణం. రెండోది, జులై 2న శేష్‌నాగ్ అని పేరు పెట్టి, నాలుగు ఖాళీ బాక్స్‌ఎన్ రేకుల్ని (రేకు అంటే ఒక బండికి సరిపడా వ్యాగన్ల వరస) కలిపి ఒకే బండిగా నాగ్‌పూర్ డివిజన్ నుంచి కోర్బా వైపు నడిపారు. 251 వ్యాగన్లు, పొడవు 2.8 కిలోమీటర్లు. వార్త చదివి అందరూ పొడవు చూసి ఆశ్చర్యపోయారు. నేను వేరే లెక్క వేసుకున్నాను. మన స్టేషన్లలో పక్కన ఆగడానికి ఉండే లూప్ లైను మామూలుగా 686 మీటర్లు ఉంటుంది. ఒక రేకు అందులో పడుతుంది. 2.8 కిలోమీటర్ల బండి ఏ లూపులోనూ పట్టదు. అంటే అది ఎక్కడా పక్కకి తప్పుకోలేదు. తక్కినవన్నీ దానికి దారివ్వాలి. పట్టాలు అంత ఖాళీగా ఉన్న రోజుల్లో ఆ పని బాగా సుళువైంది.

దారివ్వడం. ఈ మాట నా బుర్రలో పడ్డాక వదల్లేదు.

ఇంట్లో చేసిన మిగతా పనుల గురించి రెండు ముక్కలు. కంప్యూటర్లో సిమ్యులేటర్ నడిపాను, సరదాగానే ఉంటుంది, కొన్నాళ్లకి పక్కన పెట్టాను. మోడల్ రైళ్లు మొదలుపెట్టాను, అది ఇంకా సాగుతోంది. అందులో ఒక్క విషయం చెబుతాను. ఎక్కువమంది వాడే హెచ్‌ఓ స్కేలు 87లో ఒకవంతు. దానికి అమ్మే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు, దాన్ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది. అంటే మన ఇంజను బొమ్మని ఎంత ముద్దుగా చేసినా, దొరికే పట్టాల మీద పెడితే కాళ్లు దగ్గరికి పెట్టి నిలబడ్డట్టు ఉంటుంది. దాదాపు 3 మిల్లీమీటర్ల తేడా. మూడు మిల్లీమీటర్లే కదా అంటారు చూసినవాళ్లు. మన బండిని చిన్నప్పటినుంచి ఎదురుగా నిలబడి చూసిన కంటికి అది వెంటనే తెలిసిపోతుంది. అందుకని పట్టాలు సొంతంగా వేస్తున్నాను. ఇప్పటికి అర మీటరు అయింది.

మరి ఆ గోడ మీద కాగితం. జూన్‌లో పాత అట్టపెట్టెలు సర్దుతుంటే ఒక క్యాసెట్టు దొరికింది. 1986 వేసవి సెలవుల్లో మా మావయ్య టేప్ రికార్డరు అడిగి తీసుకుని, అమ్మమ్మ వాళ్లూరు వెళ్లే పాసింజరు బండిలో రికార్డు చేసిన చప్పుళ్లు. పన్నెండేళ్ల పిల్లాణ్ణి అప్పుడు. బాగుచేయించి విన్నాను. మొదట పట్టాల చప్పుడు. టక్‌టక్, టక్‌టక్. అప్పట్లో ఆ లైనులో పట్టాలు 13 మీటర్ల ముక్కలు, అతుకు అతుకుకీ చప్పుడు. దీనితో వేగం తెలుసుకోవచ్చు. 47 సెకన్లలో ఎన్ని జతల చప్పుళ్లు వినిపిస్తే వేగం గంటకి దాదాపు అన్ని కిలోమీటర్లు. కాగితం మీద వేసి చూసుకోండి, సరిపోతుంది. నా క్యాసెట్టులో 52 వచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టాను, 51, 52, 52. ముప్పై నాలుగేళ్ల కిందటి ఒక పొద్దుటి బండి వేగం నా గదిలో కూర్చుని కొలిచాను! ఆ ఆనందం ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఇప్పుడు పట్టాల్ని కిలోమీటర్ల పొడవున అతికేస్తున్నారు, ఆ చప్పుడు పోయింది. ప్రయాణం మెత్తగా ఉంటుంది, మంచిదే.

తర్వాత క్యాసెట్టులో బండి ఆగింది. మాకు ప్రతిసారీ జరిగేదే. పొలాల మధ్య ఒక చిన్న స్టేషను. ఎక్కేవాళ్లు ఇద్దరు, దిగేవాళ్లు ముగ్గురు. బండి మాత్రం ఇరవై నాలుగు నిమిషాలు కదలదు. సింగిల్ లైను, అంటే రాకకీ పోకకీ ఒకటే దారి, ఎదురు బండి వస్తే ఒకటి స్టేషన్లో పక్కకి తప్పుకోవాలి. క్యాసెట్టులో నా గొంతు వినిపిస్తుంది, "నాన్నా, ఎందుకాగింది?" నాన్న గొంతు, అప్పటి గొంతు, "క్రాసింగ్ ఉంది." కాసేపటికి పెద్ద హారను, ఆల్కో డీజిలు ఇంజను గుడగుడ, పెట్టెలు ఊగిపోయేలా ఒక మెయిలు దాటిపోతుంది. సరే, క్రాసింగ్ అయింది. బండి కదలాలి. కదలదు. పక్షులు, ఎవరో దగ్గడం, కుళాయి దగ్గర బిందె చప్పుడు. సరిగ్గా పదమూడు నిమిషాల తర్వాత ఇంకో బండి దాటిపోతుంది. ఆ తర్వాత గానీ మా బండికి పచ్చ జెండా లేదు. ఈ రెండో బండి ఏది? చిన్నప్పుడు చూసి ఉంటాను, గుర్తులేదు. అది కూడా ఎదురుగా వచ్చిన బండే అనుకున్నాను.

నాన్న దాచిన టైం టేబుల్ పుస్తకాల్లో 1986ది ఉంది. చూస్తే ఆ స్టేషన్ ఎదురుగా మా పాసింజరు తప్ప పొద్దుట పూట వేరే బండికి టైమే లేదు. ఆగని బండికి టైం టేబుల్లో టైము వెయ్యరు కదా. పుస్తకం చెప్పదు. అప్పుడు చార్టు గియ్యాలనిపించింది.

ఈ చార్టు కొత్తదేం కాదు. పారిస్, లియాన్ మధ్య రైళ్లకి ఇలా గీసిన చార్టు ఫ్రాన్సులో 19వ శతాబ్దంలోనే అచ్చయింది. కంట్రోల్ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకి ఇది రోజువారీ పని. అడ్డంగా టైము, నిలువుగా స్టేషన్లు, వాటి మధ్య దూరం ఎంతో అంత ఎడంగా. ప్రతి బండీ ఒక వాలు గీత. వేగంగా పోయేది నిటారుగా, నెమ్మదిగా పోయేది వాలుగా, ఆగిన చోట అడ్డంగా. ఎదురు బండ్లు రెండో వైపు వాలుతాయి. నేను నిమిషానికి ఒక మిల్లీమీటరు పెట్టుకున్నాను. గంటకి 6 సెంటీమీటర్లు, రోజుకి 144. గ్రాఫ్ కాగితాలు అతికించుకుంటూ హాల్లో నేల మీద పరిచాను. మా ఆవిడ పది రోజులు చుట్టూ తిరిగి నడిచింది, ఒక్క మాట అనలేదు.

సింగిల్ లైను చార్టుకి ఒక కట్టుబాటు ఉంది. ఎదురెదురు గీతలు రెండూ ఒకదాన్నొకటి దాటితే స్టేషన్ గీత మీదే దాటాలి. మధ్యలో దాటాయంటే రెండు బండ్లు గుద్దుకున్నట్టే. నేను మొదటిసారి గీసినప్పుడు మధ్యాహ్నం పూట ఒకచోట అలా మధ్యలో దాటాయి. గుండె ఝల్లుమంది. కాగితం మీదే అయినా సరే. పుస్తకం తీసి చూస్తే తప్పు నాది, 14.52ని 14.25 అని ఎక్కించాను. అదిగో, ఆ చెరిపిన మచ్చ అదే. ఈ లెక్కని రోజూ, తప్పు లేకుండా, బతికున్న మనుషులతో నిండిన బండ్ల మీద వేసినవాళ్ల గురించి అప్పుడు ఆలోచించాను. స్టేషన్ మాస్టర్లు, కంట్రోలర్లు. పక్క స్టేషన్ నుంచి అనుమతి వస్తే గానీ, ముందున్న లైను నీదే అని చెప్పే టోకెను డ్రైవరు చేతికి అందితే గానీ బండి ముందుకి పోదు. ఆ చిన్న స్టేషన్లో మేం విసుక్కుంటూ గడిపిన ప్రతి నిమిషం ఎవరో ఒకరు లెక్కగట్టి పెట్టిందే.

ఇక పొద్దున ఆరున్నర దగ్గరికి రండి. మా పాసింజరు 6.43కి వచ్చి ఆగింది, 7.07కి కదిలింది. చార్టులో ఆ అడ్డగీత కనిపిస్తుంది, 24 మిల్లీమీటర్లు. ఎదురు మెయిలు ముందు వెనక ఎక్కడ ఆగుతుందో పుస్తకంలో ఉంది, ఆ రెండు చుక్కలూ కలిపి గీత గీస్తే మా స్టేషన్ మీదుగా 6.47కి పోయింది. క్యాసెట్టులో మొదటి బండి అదే. ఇంకో ఎదురు బండి కోసం వెతికితే తొమ్మిది దాకా లేదు. పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తర్వాత మా దిక్కున పోయే బండ్లు గీయడం మొదలుపెట్టాను. వెనకనుంచి ఒక ఎక్స్‌ప్రెస్ నిటారుగా వచ్చింది. మా స్టేషన్లో ఆగదు, కాబట్టి పుస్తకంలో టైము లేదు. కానీ గీత ఆ అడ్డగీత మీదుగా సరిగ్గా 7.00కి దాటింది. మెయిలు 6.47, ఇది 7.00. పదమూడు నిమిషాలు. క్యాసెట్టు చెప్పిందే!

ఇంకా దగ్గరగా చూడండి. ఎదురు మెయిలు మమ్మల్ని దాటి ఏడు కిలోమీటర్ల అవతల, మా వెనక స్టేషన్‌కి 6.53కి చేరింది. అది చేరేదాకా ఎక్స్‌ప్రెస్ ఆ స్టేషన్ దాటి ఇటు రాకూడదు. 6.54కి దాటింది. అంటే మాకు అడ్డమొచ్చిన ఆ రెండు పెద్ద బండ్లూ అక్కడ ఒకదాని పక్కనుంచి ఒకటి పోయాయి. తర్వాత ఎక్స్‌ప్రెస్ మమ్మల్ని దాటి, ఎనిమిది కిలోమీటర్ల ముందున్న స్టేషన్‌ని 7.06కి దాటితే గానీ లైను ఖాళీ కాదు. 7.07కి మాకు జెండా. ఒక్క నిమిషం వృథా లేదు.

కాగితం చుట్టి నాన్న మంచం దగ్గరికి తీసుకెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని వేలితో గీత వెంట వెళ్లారు. క్యాసెట్టు కూడా వినిపించాను. తన గొంతు విని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నేను ఎదురు బండి కోసమే అనుకున్నాన్రా ఇన్నాళ్లూ. వెనక బండికి కూడా దారిచ్చామన్నమాట" అన్నారు. మళ్లీ వేలు పెట్టి ఆ 24 మిల్లీమీటర్ల గీత మీద అటూ ఇటూ నిమిరారు.

చార్టులో ఇంకా తేలని చోటు ఒకటుంది. తెల్లవారుజామున మూడింటి దగ్గర, కింద నుంచి నాలుగో స్టేషన్లో, ఒక పాసింజరు నలభై నిమిషాలు ఆగుతుంది. పుస్తకంలో ఉన్న బండ్లన్నీ గీసేశాను, దానికి కారణం కనిపించలేదు. గూడ్స్ కోసం పెట్టిన టైమేమో, ఇంజనుకి నీళ్లు పట్టేవాళ్లేమో, లైను రిపేరుకి వదిలిన టైమేమో. సింగిల్ లైను సెక్షన్లలో ఆ రోజుల్లో పనిచేసినవాళ్లు, వాళ్ల పిల్లలు ఈ హాల్లో ఎవరైనా ఉంటే వెళ్లేముందు ఒక్కసారి ఆ కాగితం చూడండి. ఆ చోటు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాను. పక్కన పెన్సిలు దారంతో కట్టి ఉంచాను. నమస్కారం.